ముక్కే అలారం అయిన నగరంలో వాసన పోతే?

2022 జనవరి 6 తెల్లవారుజామున సూరత్ శివార్లలోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుంచి రసాయనాన్ని అక్రమంగా కాలువలోకి వదిలారు. దాంతో వెలువడిన విషవాయువు పక్కనే ఉన్న అద్దకపు మిల్లును కమ్మేసింది. ఆరుగురు చనిపోయారు. ఇరవై మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ ఘటనను తనంతట తానుగా విచారణకు తీసుకుంది.

ఈ దుర్ఘటనకూ, కోవిడ్ తర్వాత కొందరికి వాసన, రుచి తెలియకుండా పోవడానికీ నేరుగా సంబంధం లేదు. అయితే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న వస్తుంది. మన మిల్లుల్లో, ఇరుకు గదుల్లో, మురుగు కాలువల దగ్గర ప్రమాదాన్ని ముందుగా పసిగట్టే పరికరం ఏది? చాలాచోట్ల జవాబు ఒక్కటే: కార్మికుడి ముక్కు. ఆ ముక్కును ఒక వైరస్ దెబ్బతీస్తే జరిగే నష్టం ఎంత, దాన్ని ఎవరు లెక్కిస్తున్నారు?

'సూరత్‌లో భోజనం, కాశీలో మరణం' అని గుజరాతీలో ఒక సామెత ఉంది. బతికితే సూరత్ తిండి తినాలి, పోతే కాశీలో పోవాలి అని దాని అర్థం. లోచో, ఘారీ, ఉంధియు, చలికాలంలో జొన్న పోంక్... ఆ ఊరి పేరు చెబితే గుజరాతీలకు ముందు గుర్తొచ్చేవి ఇవే. అదే ఊరు దేశంలో కృత్రిమ నూలు వస్త్రాలకు, వజ్రాల సానపట్టే పనికి అతిపెద్ద కేంద్రం. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. తిండికి పేరున్న ఆ ఊళ్లోనే వేల కార్ఖానాలు రసాయనాలతో నడుస్తున్నాయి. అక్కడ వాసన పోవడం అంటే భోజనంలో ఆనందం పోవడం ఒక్కటే కాదు, భద్రత పోవడం కూడా.

వైరస్ ముక్కులో ఏం చేస్తుంది?

జలుబు చేసినప్పుడు ముక్కు దిబ్బడ వల్ల వాసన తెలియకపోవడం అందరికీ అనుభవమే. దిబ్బడ తగ్గగానే వాసన తిరిగి వస్తుంది. అయితే కొన్ని వైరస్‌లు అంతకంటే లోతుగా దెబ్బతీస్తాయి. ఫ్లూ, సాధారణ జలుబు తెచ్చే రైనో వైరస్ వంటివాటి తర్వాత వాసన శాశ్వతంగా తగ్గినవారు కోవిడ్‌కు ముందు కూడా ఉన్నారు. ఈఎన్‌టీ వైద్యులకు ఇది తెలిసిన సమస్యే. ఒకే ఏడాదిలో కోట్ల మందికి ఒకేసారి ఎదురవడంతో 2020లో అది లోకం దృష్టికి వచ్చింది. ఆ ఏడాది జూన్ 13న కేంద్ర ఆరోగ్య శాఖ తన చికిత్సా మార్గదర్శకాల్లో కోవిడ్ లక్షణాల జాబితాకు వాసన, రుచి కోల్పోవడాన్ని చేర్చింది.

ముక్కు లోపల పైభాగాన, కళ్ల మధ్య ఎత్తులో, వాసనను పట్టే నాడీకణాల పొర ఉంటుంది. గాలిలో తేలివచ్చే అణువులను ఈ కణాలు పట్టుకుని నేరుగా మెదడుకు సంకేతం పంపుతాయి. కరోనా వైరస్ ఈ నాడీకణాలనే చంపేస్తోందని మొదట అనుకున్నారు. 2020 జులైలో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన సందీప్ రాబర్ట్ దత్తా బృందం వేరే సంగతి బయటపెట్టింది. వైరస్ లోపలికి వెళ్లేందుకు అవసరమైన ఏస్-2 అనే ద్వారం నాడీకణాల మీద కాక, వాటికి ఆసరాగా ఉండే కణాల మీద ఉంది. చుట్టూ ఉన్న ఆసరా కూలిపోతే నాడీకణం బతికి ఉన్నా పని చేయలేదు.

ఎక్కువ మందికి కొద్ది వారాల్లోనే వాసన తిరిగి రావడానికి కారణం కూడా ఇదే. ఆసరా కణాలు మళ్లీ పుడతాయి. వాసన పట్టే నాడీకణాలకు సైతం జీవితాంతం కొత్తగా పుట్టే శక్తి ఉంది. శరీరంలో మిగతా నాడులకు ఇది అరుదైన గుణం. మరి కొందరిలో ఎందుకు తిరిగి రాదు? 2022 డిసెంబరులో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీర్ఘకాలంగా వాసన లేని రోగుల ముక్కు నుంచి తీసిన కణజాలాన్ని పరీక్షించారు. వైరస్ ఆనవాళ్లు పోయినా రోగనిరోధక కణాలు అక్కడే తిష్ఠ వేసి మంటను కొనసాగిస్తున్నట్టు, నాడీకణాల సంఖ్య తగ్గినట్టు తేలింది. అంటే కొందరిలో యుద్ధం ముగిసినా సైన్యం వెనక్కి వెళ్లడం లేదు.

సంఖ్యలు ఏం చెబుతున్నాయి?

2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ అప్పటికి జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసింది. కోవిడ్‌తో వాసన కోల్పోయినవారిలో దాదాపు 74 శాతం మందికి 30 రోజుల్లో, 96 శాతం మందికి ఆరు నెలల్లో అది తిరిగి వచ్చింది. దీర్ఘకాలం మిగిలిపోయే లోపం వాసన విషయంలో సుమారు 5.6 శాతం, రుచి విషయంలో 4.4 శాతం అని ఆ పరిశోధకులు అంచనా వేశారు. పురుషులతో పోలిస్తే మహిళల్లో కోలుకునే అవకాశం తక్కువగా కనిపించింది.

వాసన కోల్పోయిన ప్రతి వెయ్యి మందిలో 50 మందికి పైగా అలాగే మిగిలిపోతారని దీని అర్థం. శాతంగా చూస్తే చిన్నదే. కానీ డెల్టా వేవ్‌లో ఎంతమందికి వాసన పోయిందో గుర్తు చేసుకుంటే ఆ చిన్న శాతం పెద్ద సంఖ్య అవుతుంది. ఒమిక్రాన్ వచ్చాక పరిస్థితి మెరుగైంది. బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో డెల్టా కాలంలో 52.7 శాతం మంది వాసన పోయిందని చెప్పగా, ఒమిక్రాన్ కాలంలో అది 16.7 శాతానికి తగ్గింది. అందుకే ఈ సమస్య వార్తల నుంచి తప్పుకుంది. తిరిగి రానివారు మాత్రం ఉన్నచోటే ఉన్నారు.

మరో చిక్కు ఏమిటంటే, వాసన తగ్గిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. చూపు మందగిస్తే బస్సు బోర్డు కనిపించదు, వినికిడి తగ్గితే పక్కవాళ్లు చెబుతారు. వాసన నెమ్మదిగా, పాక్షికంగా తగ్గితే చెప్పేవారు ఉండరు. లక్షణాలు లేని కోవిడ్ బాధితులను పరికరంతో పరీక్షించిన పుణె ఐసర్ శాస్త్రవేత్తలు, తమకు ఏ ఇబ్బందీ లేదని చెప్పినవారిలో కూడా వాసన లోపాన్ని గుర్తించారు. అడిగి తెలుసుకోవడం, పరీక్షించి తెలుసుకోవడం ఒకటి కావు.

రుచి పోయిందంటే నిజంగా పోయింది రుచేనా?

'నోటికి ఏమీ తెలియడం లేదు' అని చెప్పేవారిలో ఎక్కువ మందికి నాలుక బాగానే ఉంటుంది. నాలుక మీది రుచి మొగ్గలకు తీపి, పులుపు, ఉప్పు, చేదుతో పాటు మాంసం, పుట్టగొడుగుల వంటివాటిలో ఉండే ఉమామీ అనే రుచి తెలుస్తాయి. ఇంగువ, కరివేపాకు, వేయించిన జీలకర్ర, నెయ్యి, కాఫీ వంటివి మనం 'రుచి' అనుకుంటాం గానీ నిజానికి అవి వాసనలు. నములుతున్నప్పుడు నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతాయి. ముక్కు గట్టిగా మూసుకుని యాలకులు వేసిన పరమాన్నం ఒక ముద్ద తింటే తీపి మాత్రమే తెలుస్తుంది. ముక్కు వదలగానే యాలకులు వచ్చి చేరతాయి. వాసన లేనివారికి ఆ యాలకులు ఎప్పటికీ రావు.

కారం సంగతి వేరు. మిరపకాయ మంట రుచీ కాదు, వాసనా కాదు. ముఖం, ముక్కు, కళ్లకు స్పర్శను ఇచ్చే ట్రైజెమినల్ నాడి దాన్ని పట్టుకుంటుంది. అమోనియా, వెనిగర్ ఘాటు, మెంథాల్ చల్లదనం కూడా ఎక్కువగా ఆ నాడి పనే. అందుకే వాసన పూర్తిగా పోయినవారికి కూడా ఆవకాయ మంట తెలుస్తుంది, అమోనియా గుప్పుమంటే కళ్లు చెమరుస్తాయి. చాలామంది దీన్ని చూసి తమ ముక్కు పనిచేస్తోందని పొరబడతారు.

భద్రత కోణంలో ఈ తేడా కీలకం. కళ్లు మండించే వాయువులు వాసన లేనివారికీ ఎంతోకొంత తెలుస్తాయి. అద్దకపు మిల్లుల్లో 'హైడ్రో' అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ తడిసి పాడైతే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ అలాంటిదే. మంట పుట్టించకుండా కేవలం వాసనతో తెలిసే ప్రమాదాలు మాత్రం వారికి తెలియవు. వంట గ్యాస్ లీకు, మురుగు గుంతలోని హైడ్రోజన్ సల్ఫైడ్, మాడుతున్న వైరు, పాడైన కూర ఈ రెండో జాబితాలోవే.

ముక్కు మీద పెట్టిన భారం

వంట గ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. మనకు తెలిసే ఆ కుళ్లు వాసన ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనానిది. లీకు తెలియడానికి కావాలనే కలుపుతారు. గాలిలో గ్యాస్ మండే స్థాయికి చేరకముందే, అందులో ఐదో వంతు దగ్గరే మనిషికి వాసన తెలియాలన్నది ఆ కలపడంలోని లెక్క. ఆ లెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది: వంటింట్లో ఉన్న మనిషి ముక్కు పనిచేస్తుందన్న ఊహ. ఒకే గదిలో షిఫ్టుల వారీగా పడుకునే వలస కార్మికులు, చిన్న సిలిండర్ పక్కనే చాప పరుచుకునే కుటుంబాలు సూరత్‌లో సాధారణ దృశ్యం. అక్కడ వంట చేసే ఒక్కరికి వాసన తెలియకపోతే ప్రమాదం ఆ గదిలో ఉన్నవారందరిదీ.

హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మోసకారి. కుళ్లిన గుడ్ల వాసనతో, పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు కూడా లేనప్పుడే ఆరోగ్యవంతుడికి తెలిసిపోతుంది. కానీ 100 పాళ్ల దగ్గర కొద్ది నిమిషాల్లోనే వాసన పట్టే శక్తిని మొద్దుబారుస్తుంది. లోపల ఉన్న మనిషికి వాసన తగ్గినట్టు అనిపిస్తుంది, గాలి బాగుపడిందనుకుంటాడు. 700 దాటితే ఒకటి రెండు ఊపిరులకే స్పృహ తప్పవచ్చు. మ్యాన్‌హోల్‌లో దిగిన మొదటి కార్మికుడు పడిపోతే, కాపాడటానికి దిగిన రెండోవాడూ మూడోవాడూ పడిపోయే వార్తలు తెలుగు రాష్ట్రాల్లోనూ తరచూ చదువుతుంటాం.

2020 మే 7న విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైనప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురం వాసులు నిద్రలో ఉన్నారు. 12 మంది మరణించారు. ఘాటు వాసనకు లేచి పరుగెత్తినవారు ఉన్నారు, పరుగెత్తుతూ దారిలో కూలిపోయినవారూ ఉన్నారు. స్టైరీన్‌కు వాసన ఉంది, కానీ మోగాల్సిన సైరన్ మోగలేదన్నది అప్పట్లో పెద్ద ఆరోపణ. సచిన్ ఘటన జరిగింది కూడా తెల్లవారుజామునే. మనిషి నిద్రపోయినప్పుడు ముక్కు కాపలా కాయదు.

అంటే పూర్తి ఆరోగ్యంగా ఉన్న ముక్కు కూడా అలారంగా చాలదు. నిద్రలో పనిచేయదు, కొన్ని వాయువుల ముందు మొద్దుబారుతుంది, కార్బన్ మోనాక్సైడ్ వంటివాటిని అసలు పట్టలేదు. ఆ అరకొర రక్షణను కూడా వైరస్ తర్వాత కొందరు కోల్పోయారు. వాసన లేని కార్మికుడు ఈ వ్యవస్థలో మినహాయింపుగా కనిపిస్తాడు. నిజానికి వ్యవస్థ ఎంత బలహీనమైనదో మొదట బయటపడేది అతని దగ్గరే.

చట్టం లెక్కలో ముక్కు లేదు

చట్టం ఈ విషయంలో ముక్కు మీద ఆధారపడమని ఎన్నడూ చెప్పలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ప్రకారం విషవాయువు ఉండే అవకాశమున్న ట్యాంకులు, గుంతల్లోకి ఎవరినీ ఊరికే దించకూడదు. అర్హత ఉన్న వ్యక్తి స్వయంగా పరీక్షించి ప్రమాదం లేదని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదంటే శ్వాస పరికరం, నడుముకు తాడు ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఎనిమిది గంటల సగటు పరిమితి పది లక్షల్లో 10 పాళ్లుగా ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది. ఆ అంకెను ముక్కు కొలవలేదు, మీటరు మాత్రమే కొలుస్తుంది. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పేరు మారినా ప్రశ్న మాత్రం పాతదే: మీటరు గోడ మీద ఉందా, కాగితం మీద ఉందా?

నష్టం జరిగాక లెక్కించే చోట మాత్రం చట్టమే మౌనంగా ఉంది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం మొదటి షెడ్యూలులో ఏ అవయవం పోతే సంపాదన శక్తి ఎంత శాతం తగ్గినట్టో పట్టిక ఉంది. బొటనవేలు, చూపుడు వేలు, కన్ను, పూర్తి చెవుడు అన్నీ ఉన్నాయి. వాసన లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు, వినికిడి, మాట వాటిలో ఉన్నాయి. వాసన అందులోనూ లేదు. పట్టికలో లేని గాయానికి వైద్యుడు వేరుగా శాతం అంచనా వేసే వీలుంది. కానీ అందుకు పరీక్ష జరగాలి, దానికి ముందు ఆ మనిషి ముక్కు ఎలా పనిచేసేదో రికార్డు ఉండాలి. ఆ రికార్డు దొరకడం కష్టం. వైరస్ వల్ల పోయిందో, ఏళ్ల తరబడి పీల్చిన రసాయనాల వల్ల పోయిందో తేల్చే దారి లేకపోతే లాభపడేది యాజమాన్యమే.

వేరే దేశాలు ఈ నష్టానికి విలువ కట్టాయి. జర్మనీలో వైకల్య స్థాయిని నిర్ణయించే ప్రమాణాల్లో వాసన పూర్తిగా పోవడానికి 15, రుచి పూర్తిగా పోవడానికి 10 పాయింట్లు ఉన్నాయి. అమెరికా మాజీ సైనికుల పరిహార పట్టికలో పూర్తిగా పోయిన వాసనకు 10 శాతం, రుచికి 10 శాతం ఉంది. ఇవి పెద్ద అంకెలు కావు. కానీ వాసన కూడా మనిషికి ఉన్న ఒక శక్తి అని, అది పోతే ఏదో పోయినట్టేనని అవి ఒప్పుకుంటాయి.

చికిత్స: ఖరీదు తక్కువ, ఓపిక ఎక్కువ

ఈ సమస్యకు ఇప్పటివరకు అందరూ ఒప్పుకున్న మొదటి చికిత్సలో మందు లేదు. 2009లో జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 'వాసన శిక్షణ' పద్ధతిని ప్రచురించింది. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం అనే నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, ఒక్కోటి కొన్ని సెకన్ల పాటు, ఆ వాసనను గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలి. వాళ్లు 12 వారాలు చేయించారు. ఇప్పుడు వైద్యులు ఇంకా ఎక్కువ కాలం చేయమంటున్నారు. అందరికీ పూర్తిగా తిరిగి రాదు గానీ, చేయనివారితో పోలిస్తే చేసినవారిలో మెరుగుదల ఎక్కువగా కనిపించింది. నీలగిరి తైలం, లవంగాలు, నిమ్మకాయ, గులాబీ అత్తరు సూరత్ కిరాణా కొట్టులోనూ దొరుకుతాయి, సిరిసిల్లలోనూ దొరుకుతాయి. కావలసింది ఇలా చేయమని చెప్పేవారు, మూడు నెలలు వదలకుండా చేసేవారు.

కోలుకునే దారిలో కొందరికి విచిత్రమైన దశ వస్తుంది. కాఫీ, వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి, మాంసం భరించలేని దుర్వాసనగా అనిపిస్తాయి. దీన్ని పరోస్మియా అంటారు. తెగిన తీగలు తప్పుగా అతుక్కున్నట్టు ఇది జరుగుతుంది. వంటింట్లోకి అడుగు పెట్టలేక, తిండి మానేసి బరువు తగ్గేవారు ఉంటారు. ఇంట్లోవాళ్లు దీన్ని మొండితనమో మానసిక సమస్యో అనుకుంటారు. చాలామందిలో ఇది నాడులు మళ్లీ పుడుతున్నాయనడానికి గుర్తు. పోపు లేని, చల్లారిన తిండి ఆ దశలో కాస్త సులువుగా దిగుతుంది.

అడ్డదారులతో ప్రమాదం ఉంది. ముక్కులో వేసుకునే జింక్ మందులు వాసనను శాశ్వతంగా పోగొడుతున్నాయని 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. స్టెరాయిడ్ మాత్రలను సొంతంగా వాడితే ఏమవుతుందో 2021లో చూశాం. అదుపులో లేని మధుమేహానికి విచక్షణ లేని స్టెరాయిడ్ల వాడకం తోడై బ్లాక్ ఫంగస్ విజృంభించింది. ఆ మే నెలలో గుజరాత్, తెలంగాణ సహా పలు రాష్ట్రాలు దాన్ని ప్రకటిత వ్యాధుల జాబితాలో చేర్చాయి. రుచి తెలియక ఉప్పు, పంచదార ఎక్కువ వేసుకునే అలవాటు కూడా రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి ముప్పే. నెల దాటినా వాసన రాకపోతే, ఒకవైపు ముక్కుకే తెలియకపోతే, జలుబు ఏదీ లేకుండా వాసన తగ్గిపోతుంటే ఈఎన్‌టీ వైద్యుడిని కలవాలి. పెద్ద వయసులో క్రమంగా తగ్గే వాసన కొన్నిసార్లు పార్కిన్సన్స్ వంటి జబ్బుకు తొలి సంకేతం కావచ్చు.

సూరత్‌కు తెలిసిన పాఠం

సూరత్‌కు శ్వాస వ్యాధి నుంచి పాఠం నేర్చుకోవడం కొత్త కాదు. 1994 సెప్టెంబరులో న్యుమోనిక్ ప్లేగు భయంతో ఆ నగరం నుంచి లక్షల మంది పారిపోయారు. 50 మందికి పైగా మరణించారు. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా. కానీ నగరం చెత్తను, మురుగును, పేదల బస్తీలను ఎంత పట్టించుకోలేదో అది చూపించింది. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను ఏసీ గదుల నుంచి రోజూ వీధుల్లోకి పంపారు. ఆస్పత్రుల నుంచి రోజువారీగా జ్వరాల వివరాలు సేకరించే ఏర్పాటు బలపడింది. రెండేళ్లలో సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల జాబితాలో పైకి వచ్చింది. ఎక్కడ, ఎంత, ఎవరికి అన్న లెక్క రోజూ తీయడం ఆ మార్పుకు పునాది.

వాసన విషయంలోనూ మొదటి మెట్టు లెక్కే. అమెరికాలో 40 వాసనల పరీక్ష, ఐరోపాలో పెన్నుల్లాంటి వాసన కడ్డీల పరీక్ష దశాబ్దాలుగా వాడుతున్నారు. వాటిలోని కొన్ని వాసనలు మన కార్మికుడు ఎన్నడూ చూడనివి. ఇంగువ, లవంగం, కాఫీ పొడి, వేపాకు, బట్టల సబ్బు వంటి తెలిసిన వాసనలతో ఐదు నిమిషాల ప్రాథమిక పరీక్ష తయారు చేయడం పెద్ద ఖర్చు కాదు. అది రోగ నిర్ధారణ కాదు, ఎవరిని ఈఎన్‌టీ దగ్గరకు పంపాలో చెబుతుంది. అమృతాంజనం, ఉల్లిపాయ వంటి ఘాటైనవి మాత్రం అందులో ఉండకూడదు. అవి కళ్లకూ ముక్కు పొరకూ తగులుతాయి గనుక వాసన లేనివారు కూడా పాసైపోతారు. రసాయన పనుల్లో ఉన్నవారి వార్షిక ఆరోగ్య పరీక్షల్లో చూపు, వినికిడి, ఊపిరితిత్తుల పక్కన దీనికీ ఒక గడి చేర్చాలి.

అయితే ఒక జాగ్రత్త అవసరం. పరీక్షలో తప్పినవాడిని పనిలోంచి తీసేస్తే రెండో ఏడాది నుంచి ఎవరూ నిజం చెప్పరు. వాసన తెలియదని బయటపడితే కూలి పోతుందన్న భయం ఇప్పటికే నిజాన్ని దాచేలా చేస్తోంది. పరీక్ష ఫలితంతో మారాల్సింది పని చేసే చోటు: గుంత దగ్గరా బాయిలర్ దగ్గరా ఒంటరిగా నిలబెట్టకపోవడం, గ్యాస్ మీటరు ఇవ్వడం, గోడ మీద శబ్దంతో పాటు వెలుగుతో హెచ్చరించే అలారం పెట్టడం. ఆ అలారం వాసన లేని ఒక్కడి కోసం పెట్టినా, అది అందరి ప్రాణాలనూ కాపాడుతుంది.

ఇంటి దగ్గర జాగ్రత్తలు ఇంకా చిన్నవి. రాత్రి రెగ్యులేటర్ కట్టేయడం, గ్యాస్ అలారం పెట్టుకోవడం, నిన్నటి కూర పారేయాలా వద్దా అని మరొకరిని వాసన చూడమనడం. 'నాకు వాసన తెలియదు' అని తోటివారికి సంకోచం లేకుండా చెప్పుకోవడం వీటన్నిటికీ మొదలు.

సచిన్‌లో ఆ రాత్రి చనిపోయినవారి ముక్కులు పనిచేశాయా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ట్యాంకరును పట్టుకోవాల్సిన నిఘా పనిచేయలేదు, మిల్లు గోడ మీద మోగాల్సిన అలారం మోగలేదు. వైరస్ కొందరి వాసనను తీసుకెళ్లింది. వారిని లెక్కలోకి తీసుకోవడం మొదలుపెడితే, ఇన్నాళ్లూ ప్రతి కార్మికుడి ముక్కు మీద మోపిన భారం ఎంతో కూడా లెక్క తేలుతుంది.